కదలకుండా పడుకున్నంత మాత్రాన జబ్బు కాదు

ప్రశ్న: మా అబ్బాయి పట్టుబట్టి ఆక్సోలోటల్ అనే సాలమండర్‌ను (నీళ్లలో బతికే, బల్లి ఆకారపు ఉభయచరాన్ని) తెచ్చుకున్నాడు. పగలంతా తొట్టె అడుగున కదలకుండా పడి ఉంటుంది. ఉన్నట్టుండి పైకి వచ్చి గాలి మింగి మళ్లీ కిందికి పోతుంది. జబ్బు చేసిందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీరు రాసిన రెండూ దాని సహజ గుణాలే అమ్మా. దానికి కనురెప్పలు లేవు, వెలుతురు గిట్టదు. అందుకే పగలు ఓ మూల ఒదిగి ఉండి, చీకటి పడ్డాక తిరుగుతుంది. మొప్పలతో పాటు ఊపిరితిత్తులూ ఉన్నాయి కనుక అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి పీలుస్తుంది. తల పక్కన కుచ్చుల్లా ఉన్న మొప్పలను ఉండుండి ఒక్కసారి వెనక్కి విదిలిస్తుంది. అదీ మామూలే.

అయితే మాటిమాటికీ పైకి వస్తుంటే మాత్రం నీటిని అనుమానించండి. ఇది మెక్సికో నగరం దగ్గరి సోచిమిల్కో చల్లని నీళ్లలో పుట్టిన జాతి. 16 నుంచి 18 డిగ్రీలు దానికి హాయి, 24 దాటితే ప్రమాదం. మన విశాఖలో వేసవి మధ్యాహ్నం తొట్టె నీళ్లు 30 దాకా పోతాయి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. మొప్పలు ముందుకు వంగి ఉండిపోయినా, తోక కొస కొక్కెంలా మెలిపడినా, తిండి మానేసినా, ఒంటి మీద దూదిలాంటి తెల్లని మచ్చలు కనిపించినా ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి.

చాలామంది తొట్టె మీదికి ఫ్యాను తిప్పుతారు. గాలి పొడిగా ఉండే ఊళ్లలో అది బాగా పనిచేస్తుంది. సముద్రపు తేమ నిండిన మన గాలిలో నీరు ఆవిరి కావడమే తక్కువ, చల్లబడేదీ తక్కువే. ఐసు ముక్కలు నేరుగా నీళ్లలో వేస్తే వేడి ఒక్కసారిగా పడిపోయి, మళ్లీ పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గులు దానికి ఇంకా చేటు. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం బిగించండి, లేదా రాత్రింబవళ్లు ఏసీ నడిచే గదిలో పెట్టండి. ఈ రెండూ కుదరని ఇంట్లో ఈ ప్రాణిని పెంచకూడదని నా గట్టి అభిప్రాయం.

తొట్టెలో గులకరాళ్లుంటే ఈ రోజే తీసేయండి. ఎరను చూడగానే అది నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి లాగేసుకుంటుంది, ఆ ఊపులో రాయీ పోతుంది. పేగుకు అడ్డుపడితే బతకడం కష్టం. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన తర్వాతే పోయండి. పెద్దదైతే రోజూ మేపక్కర్లేదు, వారానికి రెండు మూడు సార్లు వానపాములు చాలు.

ఇది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలోని జీవి. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ఇలాంటి వాటిని పెంచేవారు ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి. కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. అమ్మినవారి నుంచి రసీదు అడిగి తీసుకోండి. ఒకవేళ పెంచలేమనిపిస్తే చల్లని నీటి వసతి ఉన్నవారికి ఇచ్చే దారి చూడండి గానీ, మన ముడసర్లోవ జలాశయంలో మాత్రం వదలకండి.