కుందేలు ఎందుకు దూకింది?

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

నీ కుందేలు కథ చదివాను. మంటల వర్ణనకే ఒక పేజీ పోయింది. దూకేముందు కుందేలు చేసిన పని మాత్రం రాయలేదు. శశ జాతకంలో (బుద్ధుడి పూర్వజన్మ కథల్లో కుందేలుది) అది మూడుసార్లు ఒళ్లు దులుపుకుంటుంది, ఒంటిమీది పురుగులు తనతోపాటు కాలిపోకూడదని. చావాలన్న తొందర దానికి లేదు. ఉపోసథ దినాన, అంటే బౌద్ధుల వ్రత దినాన, అడిగినవాడికి ఏదైనా పెట్టాలి. తను తినే గడ్డి మనిషికి పనికిరాదు. ఇక పెట్టడానికి ఉన్నది తన ఒళ్లే. ఈ లెక్క పాఠకుడికి అందకపోతే నీ కథలో మిగిలేది ఆత్మహత్యే.

బోధిసత్వుడు (బుద్ధుడు కాబోయేవాడు) కదా, కరుణతో చేశాడు అని రాసేసి ఊరుకోకు. కళ్లు దానమిచ్చిన శిబి (మనకు తెలిసిన పావురం కథ కాదు, పాళీ జాతకంలోది) ఏమంటాడో చూడు: కళ్లంటే నాకు అయిష్టం లేదు, సర్వజ్ఞత ప్రియం కాబట్టి ఇచ్చాను. అతనికీ ఒక కోరిక ఉంది! మహాకపి కథ ఇంకా నచ్చుతుంది నాకు. గుంపును గంగ దాటించడానికి తీగ కొలిచిన కోతిరాజు, నడుముకు చుట్టుకున్న మేర లెక్కలో మరిచాడు. తీగ చాల్లేదు. ఆ తక్కువపడ్డ చోట తన ఒళ్లు పరిచాడు.

అన్నిటికన్నా కష్టం, ఏది అడిగినా ఇచ్చేసే రాకుమారుడు వెస్సంతరుడిది. జూజకుడనే ముసలి యాచకుడికి తండ్రి ఇచ్చేస్తాడని భయపడి పిల్లలిద్దరూ తామర కొలనులో దాక్కుంటే, నా దాన పారమిని (దానంలో పరిపూర్ణతను) నెరవేర్చండి అంటూ తండ్రే పైకి పిలుస్తాడు. తీరా ఆ ముసలివాడు తన కళ్లముందే వాళ్లను కొడుతుంటే, వాణ్ణి చంపి పిల్లల్ని తెచ్చుకుందామా అన్నంత కోపం వస్తుంది. అణచుకుంటాడు. ఇచ్చింది అతను, దెబ్బలు తిన్నది పిల్లలు, జాలి అనే కొడుకు, కణ్హాజిన అనే కూతురు. అడవి నుంచి పళ్లు తెచ్చిన వాళ్ల తల్లి మద్దికి పిల్లలు కనబడరు. ఇతరులను ఏడిపించి ఇచ్చేది దానమేనా అని మిలింద రాజు బౌద్ధ భిక్షువు నాగసేనుణ్ణి నిలదీశాడు. నాగసేనుడు సమర్థించాడు గానీ, నాకైతే ప్రశ్నే బరువుగా అనిపిస్తుంది.

ఈసారి వెస్సంతరుణ్ణి రాయి. అతన్ని దుర్మార్గుణ్ణి చెయ్యకు, అది మరీ సులువు. కొలను గట్టున నిలబడి పిల్లల్ని పిలిచేటప్పుడు అతని గొంతు ఎలా ఉందో రాసి పంపు. మంటలు వద్దు.

నీ అన్నయ్య