హుస్సేన్ రాజు చరిత్ర రాస్తున్న యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

జోర్డాన్ రాజు హుస్సేన్ జీవితచరిత్ర తొలి ప్రతిని శ్రద్ధగా చదివాను. సమాచారం దండిగా సేకరించావు, వాక్యం సాఫీగా సాగుతోంది. అయితే పుస్తకం పొడుగునా ఆయన ప్రాణాపాయాల నుంచి తప్పించుకుంటూ కనిపించాడే తప్ప, ఒక రాజ్యాన్ని పాలిస్తున్నట్టు ఎక్కడా అనిపించలేదు. ఏ దారి తొక్కినా నష్టం తప్పని రోజున ఆయన ఏం చేశాడు, ఆ నిర్ణయానికి మూల్యం చెల్లించిందెవరు అన్నవే ఈ జీవితానికి వెన్నెముక అని నా నమ్మకం.

1951 జూలై 20న జెరూసలేంలోని అల్-అక్సా మసీదు వాకిట రాజు మొదటి అబ్దుల్లాను కాల్చి చంపిన ఘట్టాన్ని కళ్లకు కట్టేలా రాశావు. పక్కనే ఉన్న పదిహేనేళ్ల మనవడు హుస్సేన్‌కు గురిపెట్టిన తూటా, తాత పట్టుబట్టి పెట్టించిన పతకానికి తగిలి పక్కకు పోయిందన్న సంగతి ఎవరికైనా గుర్తుండిపోతుంది. కానీ ఆ పతకం దగ్గరే ఆగిపోయావు. తాత కూలగానే చుట్టూ ఉన్న పెద్దలు చెల్లాచెదురుగా పరుగెత్తడం తాను చూశానని హుస్సేన్ స్వయంగా చెప్పుకున్నాడు. ఇజ్రాయెల్‌తో రాజీకి సిద్ధపడ్డాడన్న ఆగ్రహమే అబ్దుల్లా హత్యకు దారితీసింది. ఇవన్నీ తెలిసి కూడా 1963 నుంచి అదే ఇజ్రాయెల్ ప్రతినిధులను రహస్యంగా కలుస్తూ వచ్చిన మనిషి మనసును పట్టుకోవడమే రచయితగా నీ పని.

అబ్దుల్లా తరువాత రాజైన తండ్రి తలాల్ అనారోగ్యం, 1952 ఆగస్టులో పార్లమెంటు ఆయనను గద్దె నుంచి తప్పించడం, 1953 మే 2న హుస్సేన్ అధికారం చేపట్టడం క్లుప్తంగా చెబితే చాలు. 1956లో జోర్డాన్ సైన్యాధిపతిగా ఉన్న బ్రిటిష్ అధికారి గ్లబ్ పాషాను సాగనంపి బ్రిటిష్ పెత్తనాన్ని తెంచుకున్న తీరుకు మరికొంత చోటివ్వు.

1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధానికి మాత్రం పూర్తి అధ్యాయం కావాలి. నువ్వు 'తప్పు నిర్ణయం' అని ఒక్క మాటతో తేల్చేశావు. 1966 నవంబరులో, అప్పట్లో జోర్డాన్ ఏలుబడిలో ఉన్న వెస్ట్ బ్యాంక్ (జోర్డాన్ నది పశ్చిమ తీరం)లోని సమూ గ్రామంపై ఇజ్రాయెల్ దాడి జరిగాక, తమను కాపాడలేదని పాలస్తీనా ప్రజలు రాజు మీదే మండిపడ్డారు. అప్పటికి ఆయన ప్రజల్లో సగానికి పైగా పాలస్తీనా వారే. యుద్ధానికి దూరంగా ఉంటే ద్రోహి అనిపించుకుని సింహాసనం పోగొట్టుకోవచ్చు, దిగితే భూమి పోవచ్చు. ఆ స్థితిలో మే 30న కైరో వెళ్లి, అంతవరకు బద్ధవిరోధిగా ఉన్న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్‌తో ఒప్పందం చేసుకుని, తన సైన్యాన్ని ఈజిప్టు సేనాని చేతిలో పెట్టాడు. జూన్ 5 ఉదయం ఈజిప్టు విమానాలు నేలమీదే కాలిపోతుంటే, కైరో నుంచి అమ్మాన్‌కు విజయవార్తలు అందాయి. ఆ కబుర్లు వింటున్న రాజు పక్కన పాఠకుణ్ణి నిలబెట్టు. తరువాత బయటపడిన నిజాన్ని ముందే చెప్పేయకు. జూన్ 7 నాటికి తూర్పు జెరూసలేం, వెస్ట్ బ్యాంక్ చేజారాయి. రెండు లక్షలకు పైగా జనం జోర్డాన్ నది దాటి వచ్చారు. నీ ప్రతిలో వారికి ఒక్క పేరా కూడా దక్కలేదు.

జోర్డాన్ సైన్యం సాయుధ పాలస్తీనా దళాలతో తలపడిన 1970 సెప్టెంబరు గురించి 'రాజు నిలదొక్కుకున్నాడు' అని రాశావు. అది నిజమే. కానీ అలా నిలదొక్కుకోవడానికి అమ్మాన్‌లోని వహదాత్, హుస్సేన్ శరణార్థి శిబిరాల మీద ఫిరంగులు పేలాయి. సాయుధ పాలస్తీనా దళాలు రాజ్యంలో మరో రాజ్యం నడిపిన మాటా రాయాలి, ఆ శిబిరాల్లో చనిపోయిన వారి సంగతీ రాయాలి. ఒకటి చెప్పి రెండోది దాటేస్తే అది చరిత్ర కాదు, వకాల్తా. పార్టీలపై నిషేధం, సైనిక శాసనం, 1989లో మఆన్ పట్టణంలో ధరల పెంపుపై రేగిన అల్లర్ల తరువాత గానీ మళ్లీ సాధారణ ఎన్నికలు జరగకపోవడం కూడా ఈ పాలనలో భాగమే.

మనవాళ్లకు ఈ కథతో నేరుగా సంబంధం ఉంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక, ఎడారి దాటి జోర్డాన్ చేరిన భారతీయులను ఎయిర్ ఇండియా విమానాలు అమ్మాన్ నుంచే స్వదేశానికి చేర్చాయి. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు వలస వెళ్లిన కుటుంబాల్లో ఆ ప్రయాణం చేసినవారి కోసం విచారించు. సద్దాంపై సైనిక కూటమిలో చేరని రాజు దేశం, లక్షలాది పరదేశులకు దారి ఇచ్చిన ఆ రోజుల్లో ఎలా ఉండేదో వారు చెబితే, ఏ గ్రంథాలయంలోనూ దొరకని అధ్యాయం నీకు దొరుకుతుంది.

ఇజ్రాయెల్‌తో కుదిరిన 1994 శాంతి ఒప్పందం కంటే 1997 మార్చి నాకు ముఖ్యం. జోర్డాన్ సైనికుడొకడు ఏడుగురు ఇజ్రాయెల్ పాఠశాల బాలికలను కాల్చి చంపితే, హుస్సేన్ ఇజ్రాయెల్‌లోని బేత్ షెమెష్ పట్టణానికి వెళ్లి బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు మోకరిల్లాడు. స్వదేశంలో దాన్ని అవమానంగా భావించినవారూ ఉన్నారు. ఆ రెండు స్పందనలనూ పక్కపక్కనే ఉంచు, తీర్పు చెప్పే తొందర పడకు.

1999 ఫిబ్రవరి 7న ఆయన మరణించడానికి కొద్ది రోజుల ముందు, 1965 నుంచి యువరాజుగా ఉన్న తమ్ముడు హసన్‌ను తప్పించి కుమారుడు అబ్దుల్లాను వారసుడిగా ప్రకటించిన తీరును విడిగా పరిశీలించు. అంతకుముందు 1967 అధ్యాయాన్ని తిరగరాసి పంపు. మిగతా పుస్తకం ఏ దారిన నడవాలో దాన్ని చూశాక మాట్లాడుకుందాం.