పది నిమిషాల లెక్కే అసలు లెక్క

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి అమలాపురంలో డిగ్రీ చదివి, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పెట్టే సీహెచ్‌ఎస్‌ఎల్‌కి, అంటే ఇంటర్ అర్హతతో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలిచ్చే పరీక్షకి సిద్ధమవుతోంది. ల్యాప్‌టాప్ మీద ఒక నిమిషం టైపింగ్ టెస్టులో 38 పదాలు కొడుతోంది. పది నిమిషాలు కొడితే 26 దాటడం లేదు, తప్పులూ ఎక్కువే. తన వేళ్లకు వేగం లేదు, మానేస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మానొద్దని చెప్పండి. నిమిషంలో 38 కొట్టే వేళ్లకు వేగం లేకపోవడమేమిటండీ! ఆ వేగాన్ని నిలవనీయకుండా చేస్తున్నవి ఆ తప్పులే.

టైపింగ్‌లో పదమంటే ఐదు కీలు నొక్కడం, మధ్యలో ఖాళీతో కలిపి. ఈ పరీక్షలో ఇంగ్లిష్‌లో నిమిషానికి 35 పదాల వేగంతో పది నిమిషాలు కొట్టాలి, అంటే 1,750 నొక్కులు. ఈ టైపింగ్ పరీక్షలో గట్టెక్కితే చాలు, దీని మార్కులు మెరిట్‌లో కలపరు. కాబట్టి 50 కోసం పాకులాడక్కర్లేదు. ఆ రోజు టెన్షన్‌కి నాలుగైదు పదాలు తగ్గినా 35 నిలిచేలా ఉంటే సరిపోతుంది.

ఒక్క తప్పు ఎంత తినేస్తుందో చూడండి. తప్పు కీ, బ్యాక్‌స్పేస్, మళ్లీ సరైన కీ: ఒకటి కావలసిన చోట మూడు నొక్కులు. పైగా కళ్లు కాగితం వదిలి స్క్రీన్ మీదికి వెళ్తాయి, తిరిగొచ్చి వరుస వెతుక్కుంటాయి. నాట్లేసేటప్పుడు బారులో ఒకరు ఆగితే అందరి చేతులూ ఆగిపోతాయే, అలాగన్నమాట.

అందుకే మొదటి రెండు వారాలు వేగం సంగతి మరిచిపొమ్మనండి. 20 పదాల వేగంతోనైనా సరే, వంద నొక్కుల్లో 98 సరిగ్గా పడాలి. అంతకు తగ్గితే వేగం పెంచొద్దు, ఈ మాట మీద నేను గట్టిగా నిలబడతాను. చూపుడు వేళ్లు ఎఫ్, జె కీల మీదుండే చిన్న గీతల్ని తాకుతూ ఉండాలి. కీబోర్డు చూసే అలవాటుంటే చేతుల మీద తువ్వాలు కప్పుకోమనండి.

రోజూ పొద్దున, సాయంత్రం ఇరవయ్యేసి నిమిషాలు చాలు. రోజుకొక పది నిమిషాల టెస్టు, ప్రతిసారీ కొత్త పేరా. పాత పేరా వేళ్లకు కంఠతా వచ్చేసి అబద్ధపు అంకె చూపిస్తుంది. నోటుబుక్కులో తేదీ, వేగం, ఏ అక్షరాలు తప్పాయో రాసుకోవాలి. ఎమ్ బదులు ఎన్, ఐ బదులు ఓ, ఇలా సాధారణంగా పక్కపక్క కీలే మారుతుంటాయి. మర్నాడు ఆ అక్షరాలున్న పదాలే ఐదు నిమిషాలు కొడితే, ఆ తప్పులు నెమ్మదిగా తగ్గుతాయి.

ల్యాప్‌టాప్ కీలు లోతు తక్కువ. పరీక్షలో డెస్క్‌టాప్ కీబోర్డు రావచ్చు, కొన్ని వందలు పెట్టి ఒకటి కొనివ్వండి. వేళ్లు కుదరకపోతే ఓ నెల టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపండి. టైపింగ్‌లో లోయర్, హయ్యర్ సర్టిఫికెట్లు మంచివే, కానీ ఎస్సెస్సీ తన పరీక్ష తాను పెట్టుకుంటుంది.

నెల తర్వాత ఆ నోటుబుక్కులోని అంకెలు నాకు రాసి పంపమనండి. వేగం ఎలా పెంచాలో అవి చూసి చెబుతాను.