రెయిన్‌హిల్‌లో ఓడిన హ్యాక్‌వర్త్ గురించి ఒక పాత ఫైర్‌మన్ జవాబు

మీ ప్రశ్న: ఆవిరి ఇంజిన్ల తొలి రోజులంటే తండ్రీకొడుకులు జార్జ్, రాబర్ట్ స్టీఫెన్‌సన్ల పేరే వింటాం. 1829లో ఇంగ్లాండ్‌లోని రెయిన్‌హిల్‌లో జరిగిన రైలు ఇంజిన్ల పోటీలో ఓడిపోయిన తిమోతి హ్యాక్‌వర్త్ ఇంజిన్ నిజంగా అంత నాసిరకమా?

కాదండీ. కానీ ముందు నా సంగతి ఒకటి చెప్పాలి.

1980ల మొదట్లో నేను డబ్ల్యూజీ రకం గూడ్స్ ఆవిరి ఇంజిన్ల మీద ఫైర్‌మన్‌గా, అంటే నిప్పులో బొగ్గు వేసేవాడిగా చేశాను. ఒక రాత్రి లోడు బండితో ఎత్తు ఎక్కుతుంటే, ఇంజిన్ వెనక ఉండే టెండర్‌లోని నీటిని బాయిలర్‌లోకి తోసే ఇంజెక్టర్ వేడెక్కి పట్టు వదిలేసింది. రెండోది అప్పటికే మొరాయిస్తోంది. బాయిలర్‌లో నీటి మట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లు కింది నట్టు దాకా దిగిపోయాయి. నిప్పు మండే ఫైర్‌బాక్స్ పైకప్పు మీద నీళ్లు లేకపోతే అక్కడి సీసం ప్లగ్గు కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకుతుంది. బాయిలర్ పేలకుండా కాపాడేది అదే. కానీ బండి అక్కడే ఆగిపోతుంది, మా ఇద్దరికీ ఛార్జిషీటు వస్తుంది. "చన్నీళ్లు పొయ్యరా అబ్బాయ్" అన్నారు డ్రైవర్ గారు. ఇంజెక్టర్‌కి తడి గోనెపట్టా చుట్టి బకెట్‌తో పోస్తూనే ఉన్నాను. మూడో బకెట్‌కి ఇంజెక్టర్ మళ్లీ పట్టుకుంది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

రెయిన్‌హిల్‌లో హ్యాక్‌వర్త్‌కి జరిగింది సరిగ్గా ఇదే, ఆయనకి మూడో బకెట్ దొరకలేదు. లివర్‌పూల్-మాంచెస్టర్ రైల్వే పెట్టిన ఆ పోటీలో బహుమతి 500 పౌండ్లు. నాలుగు చక్రాల ఇంజిన్ నాలుగున్నర టన్నులు మించకూడదని షరతు. ఈయన ఇంజిన్ 'సాన్ పరేల్' కాస్త ఎక్కువ తూగినా పరుగుకు ఒప్పుకున్నారు. ఎనిమిదో ట్రిప్పు దగ్గర నీటి పంపు చెడిపోయింది, నీళ్లు తగ్గాయి, సీసం ప్లగ్గు కరిగింది. ఒక సిలిండర్‌ కూడా పగిలింది. ఆ సిలిండర్లు పోత పోసింది పోటీదారుడైన రాబర్ట్ స్టీఫెన్‌సన్ కార్ఖానాలోనే కాబట్టి, కావాలనే చెడగొట్టారని కొందరు అంటారు. నేను నమ్మను. పోతలో లోపాలు అప్పట్లో మామూలే.

అలాగని పోటీ గెలిచిన స్టీఫెన్‌సన్ల ఇంజిన్ 'రాకెట్‌'ది అదృష్టం మాత్రమే కాదు. దాని బాయిలర్‌లో 25 రాగి గొట్టాలున్నాయి, నీటికి వేడి బాగా తగిలేది. హ్యాక్‌వర్త్‌ది ఒకే పెద్ద గొట్టం, యూ ఆకారంలో వెనక్కి తిరిగి వస్తుంది. పైగా వాడేసిన ఆవిరిని ఆయన చిమ్నీలోకి ఎంత జోరుగా వదిలాడంటే, ఆ లాగుడుకి మండుతున్న కోక్ బొగ్గు కూడా పైనుంచి ఎగిరిపోయింది. దాంతో ఇంధనం విపరీతంగా ఖర్చయింది. కానీ ఆవిరిని చిమ్నీలోకి వదిలే ఆ బ్లాస్ట్ పైపు లాగుడు లేకపోతే ఆవిరి ఇంజినే లేదు, మా డబ్ల్యూజీ కూడా దాని మీదే బతికింది. ఆవిరిని చిమ్నీలోకి పంపడం 1804లోనే ట్రెవితిక్ అనే ఇంజినీరు చేశాడు. దాన్ని ఒడుపుగా వాడుకున్న తొలి వాళ్లలో హ్యాక్‌వర్త్ ఒకడు.

ఆయన 1786లో వైలమ్‌లో పుట్టాడు, జార్జ్ స్టీఫెన్‌సన్‌ది కూడా అదే ఊరు. తండ్రి బొగ్గు గనిలో కమ్మరి మేస్త్రీ. తండ్రి తర్వాత ఆ పని చేపట్టి, అక్కడ 'పఫింగ్ బిల్లీ' అనే తొలినాటి ఆవిరి ఇంజిన్ తయారీలో చెయ్యి వేశాడు. గట్టి మెథడిస్టు క్రైస్తవుడు కావడంతో ఆదివారం పని చెయ్యనని ఆ కొలువే వదిలేశాడు. 1825లో స్టాక్‌టన్-డార్లింగ్‌టన్ రైల్వే ఇంజిన్ల బాధ్యత తీసుకుని షిల్డన్ అనే ఊరికి వచ్చాడు. ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. కొత్త ఇంజిన్ చేసి చూపించడం ఒక ఎత్తు, రోజూ చెడిపోయే ఇంజిన్లని మర్నాటి డ్యూటీకి నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఆవిరి మానేసి గుర్రాలే నయమనే మాట వినిపిస్తున్న రోజుల్లో, 1827లో, పాత బాయిలర్ ఒకటి తీసుకుని ఆరు చక్రాలూ కలిసి లాగే 'రాయల్ జార్జ్' కట్టాడు. బరువు లాగడంలో అది నమ్మకంగా నిలబడింది. 1836లో రష్యాకి ఇంజిన్ పంపినప్పుడు దాంతోపాటు వెళ్లింది 16 ఏళ్ల కొడుకే. హ్యాక్‌వర్త్ 1850లో షిల్డన్‌లోనే పోయాడు.

ఓడిన ఆ ఇంజిన్‌ని చివరికి పోటీ పెట్టిన లివర్‌పూల్-మాంచెస్టర్ రైల్వే వాళ్లే కొన్నారు. బోల్టన్-లీ లైన్ మీద 1844 దాకా బండ్లు లాగి, తర్వాత ఒక బొగ్గు గనిలో కదలకుండా కూర్చుని 1863 దాకా పని చేసింది. నాసిరకం ఇంజిన్ అన్నేళ్లు పని చేస్తుందా?

న్యూకాసిల్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు షిల్డన్ మ్యూజియంలో దాన్ని చూశాను. గొట్టం వెనక్కి తిరుగుతుంది కదా, అందుకే నిప్పు తలుపూ చిమ్నీ ఒకే పక్కన ఉన్నాయి. అంటే ఫైర్‌మన్ చిమ్నీ పక్కన నిలబడి కోక్ వెయ్యాలి, డ్రైవర్ అవతలి కొసన. ఇద్దరి మధ్యా బాయిలర్. నీళ్లు తగ్గుతున్నాయని ఒకరికొకరు ఎలా చెప్పుకునేవారో అనుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మీరు వెళితే ముందు ఆ చిమ్నీ వైపుకే వెళ్లండి.