సర్టిఫికెట్ దానంతటదే రెన్యూ కాలేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా సైట్‌కి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ ఉందండీ. ఇన్నాళ్లూ సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ దానంతటదే రెన్యూ చేసేది. నిన్నటి నుంచి బ్రౌజర్ 'సురక్షితం కాదు' అంటోంది. మళ్లీ మళ్లీ ప్రయత్నించినా ఫెయిలవుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ప్రయత్నాలు ఆపండి. సైట్ మీదేనా అని చూసే తనిఖీ ఒకే సైట్ పేరుకి గంటలో 5 సార్లు ఫెయిలైతే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కాసేపు తలుపు మూసేస్తుంది, అందుకే డ్రై రన్‌తోనే (అసలు సర్టిఫికెట్ తీసుకోకుండా చేసే ఉత్తుత్తి రెన్యువల్) పరీక్షించండి, అది వేరే టెస్ట్ సర్వర్‌కి వెళ్తుంది. అసలు కారణం సర్ట్‌బాట్ లాగ్‌లో దొరుకుతుంది. నేనైతే మొదట 80వ పోర్టునే (సర్వర్‌లోకి మామూలు హెచ్‌టీటీపీ వచ్చే దారి) అనుమానిస్తాను. హెచ్‌టీటీపీ పద్ధతి తనిఖీ అక్కడే మొదలవుతుంది, 'ఇప్పుడంతా హెచ్‌టీటీపీఎస్సే కదా' అని ఎవరైనా ఫైర్‌వాల్‌లో దాన్ని మూసేస్తే రెన్యువల్ ఆగిపోతుంది. డీఎన్ఎస్‌లో (సైట్ పేరుకి సర్వర్ చిరునామా చెప్పే వ్యవస్థ) పాత ఐపీవీ6 చిరునామా మిగిలిపోయిందేమో కూడా చూడండి. ఒక్కోసారి సర్టిఫికెట్ కొత్తది వచ్చినా వెబ్ సర్వర్ రీలోడ్ కాక పాతదాన్నే చూపిస్తుంది.

ఇంకొక మాట. గడువు 90 రోజులైతే సర్ట్‌బాట్ సుమారు 30 రోజుల ముందే పని మొదలుపెడుతుంది, అంటే మీది బహుశా నెల నుంచీ ఫెయిలవుతూనే ఉంది, ఎవరూ గమనించలేదు. 2025 జూన్‌ నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ గడువు హెచ్చరిక మెయిళ్లు కూడా ఆపేసింది కాబట్టి, బయటి నుంచి గడువు తేదీని చూసి మీకు మెసేజ్ పంపే మానిటర్ ఒకటి ఈరోజే పెట్టుకోండి.