పరుగెత్తలేను, పిల్లల్ని ఎలా ఆడించాలి?

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 64 ఏళ్లు. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. ఐదేళ్ల మనవడు, మూడేళ్ల మనవరాలు సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా నా దగ్గరే ఉంటారు. మోకాళ్ల నొప్పులతో వాళ్ల వెంట తిరగలేను. అల్లరి పట్టలేక ఫోన్ చేతికిస్తున్నా. మొన్న కోడలు "అత్తమ్మా, వీళ్లకు ఫోన్ అలవాటు చేసింది మీరే" అనింది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. పెద్దగా చదువుకోలేదు, ఇంగ్లీషు రైమ్స్ రావు. కూర్చున్నచోటి నుంచి వాళ్లను ఎలా ఆడించాలి?

జవాబు: అమ్మా, ఆ వయసు పిల్లలకు మీ చదువుతో పనేముంది? వాళ్లను ఆడించాలి, నవ్వించాలి అని మీ మీద బరువేసుకున్నారు, అందుకే అలసిపోతున్నారు. మీరు చేతులతో ఏదో ఒక పని చేస్తూ కూర్చోండి. పిలవకపోయినా పక్కన చేరతారు. చేరగానే ఆ పనిలో కాస్త వాళ్లకూ ఇవ్వండి.

అనంతపురం మనిషికి చెనక్కాయలు ఒలవడం నేను నేర్పాలా? విత్తనం రోజుల్లో ఇంటిల్లిపాదీ కుప్ప చుట్టూ కూర్చున్న జ్ఞాపకం మీకూ ఉండే ఉంటుంది. మంచం మీద చేట పెట్టుకోండి. బాబుకు పది కాయలు లెక్కపెట్టి ఇవ్వండి. కొసను బొటనవేలితో ఎక్కడ నొక్కితే టప్పుమని విచ్చుకుంటుందో ఒక్కసారి చూపించండి. మొదటిరోజు పళ్లతో కొరుకుతాడు, పొట్టు ఒళ్లంతా పోసుకుంటాడు. పోసుకోనివ్వండి. నాలుగు రోజులకు వేళ్లతోనే పగలగొడతాడు. వేళ్లకు వచ్చే ఆ బలమే బడిలో పెన్సిలు పట్టుకోవడానికీ పనికొస్తుంది. రెండు గింజల కాయలు ఒకవైపు, మూడు గింజలవి ఒకవైపు వేయమనండి. పది నిమిషాలకు లేచిపోతే వెనక్కి పిలవకండి. ఆ వయసులో పది నిమిషాలు కుదురుగా కూర్చోవడమే గొప్ప.

పాప విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. మూడేళ్ల పిల్లకు చెనగ్గింజ గొంతులో అడ్డం పడితే ఊపిరాడదు. చింతగింజలైతే ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు. గింజలతో పని ఉన్నంతసేపూ పాపను మీ చేతికందే దూరంలోనే కూర్చోబెట్టుకోండి. ఆమె ముందు కొత్తిమీర కట్టో, కరివేపాకు రెబ్బలో పెట్టండి. ఆకు దూసి, వాసన చూసి, మీ ముక్కు దగ్గర పెడుతుంది. లేదంటే నాలుగు గిన్నెలు, నాలుగు మూతలు ఇచ్చి దేనికి ఏది సరిపోతుందో చూడమనండి.

మీ ఇంట్లో కడప బండలు పరిచి ఉంటే మీకు ఇంకో ఆట దొరికినట్టే. చిన్న గిన్నెలో నీళ్లు పోసి, వేలు ముంచి బండ మీద గీత గీయమనండి. తడి తగిలినచోట బండ నల్లగా మెరుస్తుంది. చేపో, సూర్యుడో గీసేలోపు మొదట గీసిన గీత ఆరిపోయి కనబడకుండా పోతుంది. "జేజీ, చేప తోక ఏమైపోయింది?" అని అడుగుతారు. మళ్లీ గీస్తారు. మీరు కుర్చీలో కూర్చొని, "ఐదు చుక్కలు పెట్టు, ఇప్పుడు కలుపు" అంటూ ముగ్గు చెప్పండి. కింద కూర్చోవద్దు, మోకాళ్లు మళ్లీ పట్టేస్తాయి. నీళ్లు పడ్డచోట జారుతుంది కాబట్టి, మీరు లేచేముందు తుడిపించండి. పిల్లలకు తుడవడం కూడా ఆటే.

వామనగుంటల పీట ఇప్పుడు చాలా ఇళ్లలో లేదు. కోడిగుడ్ల అట్ట తీసుకొని రెండు వరుసలు కత్తిరించండి. అసలు పీటకు వరుసకు ఏడు గుంటలుంటాయి, అట్టకు ఆరే వస్తాయి. ఐదేళ్ల వాడికి అవి చాలు. గుంటకు మూడు గింజలతో మొదలుపెట్టండి. ఒక్కొక్కటే వేసుకుంటూ పోవడం, ఖాళీ గుంట వస్తే ఆగడం వచ్చేదాకా గెలుపోటములు వద్దు. పాప పడుకున్న వేళ ఈ ఆట పెట్టుకుంటే మీకూ నిశ్చింత.

కథలు రావంటారేమో. వాళ్ల నాన్న చిన్నప్పుడు ఏ చెట్టెక్కి దిగలేక ఏడ్చాడో మీకంటే తెలిసినవాళ్లెవరు? అదే చెప్పండి. రేపూ అదే అడుగుతారు, మాట మార్చకుండా చెప్పండి. కరెంటు పోతే టార్చి వేసి గోడ మీద చేతినీడలతో కుక్కను, పిట్టను ఆడించండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. సెలవుల్లో ఒకసారి తీసుకెళ్లమని కొడుకుతో చెప్పండి. గోడ మీద నీడ చూసిన పిల్లలు ఆ బొమ్మల్ని వదిలిపెట్టరు.

ఇక ఫోన్. లాక్కుంటే యుద్ధమే. వాళ్లు అడగకముందే, బడి నుంచి వచ్చి పాలు తాగగానే చేట ముందుకు జరపండి. ఫోన్ కంటికి కనబడనిచోట పెట్టండి, మీరు వినే ప్రవచనాలు కూడా వాళ్లు పడుకున్నాకే. మూడు నాలుగు రోజులు ఏడుపు తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దు, ఎంత తగ్గితే అంత మంచిది. కూర్చున్న వేళ పెద్దవాళ్లు చదివి వినిపించాలి, కథలు చెప్పాలి అని కూడా అందులోనే ఉంది. రోజంతటిలో మూడు గంటలు ఒళ్లు కదలాలనీ, అందులో గంటసేపు బాగా ఎగరాలి, దూకాలి అనీ ఉంది. ఆ పరుగు మీ వంతు కాదు. కొడుకు ఇంటికి రాగానే పిల్లల్ని బయటికి తీసుకెళ్లాలి. ఈ మాట మొహమాటపడకుండా చెప్పండి, అడిగే హక్కు మీకుంది.

కోడలి మాట మీకు గుచ్చుకుంది, నిజమే. పొద్దుననగా పోయి రాత్రికి వచ్చే తల్లికి, పిల్లలు ఫోన్‌కు అతుక్కుపోతుంటే భయం వేస్తుంది. ఆ భయమే అలా నోరు జారింది. "అమ్మా, ఆరు దాటితే నాకు కాళ్లు నిలవవు, వంట అయ్యేదాకా ఇరవై నిమిషాలు ఫోన్ ఇస్తాను, ఏం చూపించాలో నువ్వే పెట్టిపో" అని అడగండి. చాటుగా ఇవ్వకండి, పిల్లలు చెప్పేస్తారు. ఆదివారం వామనగుంటలు వేసినప్పుడు కోడల్నీ పిలవండి. చిన్నప్పుడు వాళ్ల అవ్వతో గుంటకు ఎన్ని గింజలు వేసి ఆడిందో అడగండి.