మెకానికల్ వదిలి బయోమెడికల్‌కి మారాలా?

ప్రశ్న: మేడమ్, నేను మెకానికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నిరుడు అమ్మకి మెదడులో అన్యూరిజం (రక్తనాళం గోడ బుడగలా ఉబ్బడం) బయటపడితే, దాన్ని నింపడానికి ప్లాటినం కాయిల్స్ (సన్నటి తీగ చుట్టలు) పెట్టారు. మొన్నటి స్కాన్‌లో అందులోకి మళ్లీ కొద్దిగా రక్తం వెళ్తోందన్నారు. దాని గురించి చదువుతుంటే, రోగి స్కాన్‌ని బట్టి తయారుచేసే, లోపలికెళ్లాక విచ్చుకునే ఫోమ్‌ల సంగతి తెలిసింది. ఆ పనే చేయాలనుంది. బ్రాంచ్ మారాలా?

జవాబు: మారకండి. మీరు చేయాలనుకుంటున్న పనిలో సగం మీ సిలబస్‌లోనే ఉంది.

అమ్మగారికి వాడిన కాయిల్స్‌నే తీసుకోండి. గిడో గుగ్లియెల్మి రూపొందించిన ఈ పద్ధతికి అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. ఇప్పటికీ ఎందరినో కాపాడుతోంది. కానీ ఎంత నేర్పుగా చుట్టినా, ఆ బుడగలో తీగ నింపే చోటు సాధారణంగా మూడో వంతుకు మించదు. మిగతాదంతా గడ్డకట్టిన రక్తమే నింపాలి. ప్రవాహం తోస్తూనే ఉంటుంది కాబట్టి కొందరిలో కాయిల్స్ నొక్కుకుపోయి మళ్లీ దారి ఏర్పడుతుంది. పైగా ఏ ఇద్దరి అన్యూరిజమూ ఒకే ఆకారంలో ఉండదు. అందుకే స్కాన్ నుంచి త్రీడీ మోడల్ తీసి, దానికి సరిపడే షేప్ మెమరీ పాలిమర్ ఫోమ్ చేయాలన్న ఆలోచన వచ్చింది.

ఆ ఫోమ్‌ని వేడిచేసి, నలిపి, అలాగే చల్లారిస్తే నలిగినట్టే ఉండిపోతుంది. గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత (గట్టి పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రత) దాటగానే పాత ఆకారానికి వస్తుంది. వినడానికి సులువే. కానీ దాన్ని మిల్లీమీటరు వెడల్పు కూడా లేని గొట్టంలోంచి (క్యాథెటర్) మెదడు దాకా తోసుకెళ్లాలి. ఆ ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు మరీ దగ్గరగా ఉంటే దారిలోనే విచ్చుకుని ఇరుక్కుంటుంది. మరీ ఎక్కువైతే, విప్పడానికి పెట్టే వేడికి రక్తనాళం దెబ్బతింటుంది. ఈ ఫోమ్‌లకు ఎక్కువగా వాడే పాలియురేథేన్ అనే పాలిమర్‌కి తడి తగిలితే ఆ ఉష్ణోగ్రతే కిందికి దిగుతుంది, అదొక తలనొప్పి. ఎక్స్‌రేలో కనపడదు కాబట్టి టంగ్‌స్టన్ పొడి కలుపుతారు. కలిపితే గట్టిదనం మారుతుంది. ఒకటి సర్దితే ఇంకోటి కదులుతుంది. ఇదంతా హీట్ ట్రాన్స్‌ఫర్, ఫ్లూయిడ్ మెకానిక్స్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ కాక ఇంకేంటి?

మీ దగ్గర లేనిది పాలిమర్ కెమిస్ట్రీ, కొంచెం అనాటమీ. ఎలక్టివ్‌లుగా తీసుకోండి. పీజీలో మెటీరియల్స్ అయినా, బయోమెడికల్ అయినా ఫర్వాలేదు.

ఈ నెలలోనే ఒక పని చేయండి. త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ అనే మామూలు ప్రింటింగ్ ప్లాస్టిక్‌తో సన్నటి బద్ద తీసి, 70 డిగ్రీల నీళ్లలో మెత్తబరిచి వంచండి. వంచినట్టే పట్టుకుని చల్లార్చి, మళ్లీ అవే వేడి నీళ్లలో వేయండి. దాదాపు నిటారుగా వచ్చేస్తుంది. ఆ 'దాదాపు' దగ్గరే మీ ప్రాజెక్టు ఉంది. ఎన్ని డిగ్రీలు వంచారు, ఎన్ని డిగ్రీలు వెనక్కి వచ్చింది, పదోసారి ఎంత వచ్చింది, అన్నీ రాసిపెట్టండి. ఏ ప్రొఫెసర్ దగ్గరికైనా మార్కుల లిస్టుతో కంటే ఆ పట్టికతో వెళ్లడం మేలు.

ఉద్యోగాల సంగతి దాచను. రోగికి తగ్గట్టు చేసే మెదడు ఫోమ్‌లు ఇంకా చాలావరకు పరిశోధనలోనే ఉన్నాయి. అచ్చంగా అదే చేయాలంటే పీహెచ్‌డీ దారి. అంతకాలం ఆగలేనంటే క్యాథెటర్లు, స్టెంట్లు చేసే కంపెనీల్లో డిజైన్, టెస్టింగ్, సిమ్యులేషన్, క్వాలిటీ పనులుంటాయి. ఐఎస్‌ఓ 10993 (వైద్య పరికరం శరీరానికి పడుతుందో లేదో పరీక్షించే ప్రమాణం), 13485 (వైద్య పరికరాల తయారీలో నాణ్యతా ప్రమాణం) ఏమిటో చదువుకుని వెళ్లండి; మెకానికల్ వాళ్లలో చాలామంది వాటి పేరు కూడా విని ఉండరు.

ఇంకో మాట. అమ్మగారికి మళ్లీ చికిత్స కావాలో వద్దో ఆమె డాక్టర్ చూసుకుంటారు, ఆ టెన్షన్‌ని మీ చదువుకి ముడిపెట్టకండి. సిమ్యులేషన్ నేర్చుకునేటప్పుడు కూడా ఆవిడ స్కాన్‌తో మొదలుపెట్టొద్దు. పరిశోధకులు ఉచితంగా అందుబాటులో ఉంచిన అన్యూరిజం మోడళ్లు ఉన్నాయి, వాటితో చేయండి.